టచింగ్‌కి లొంగని ఫిల్ము

టయోగా కనుమ దగ్గర రోడ్డు 3,031 మీటర్ల ఎత్తుకి చేరుతుంది. కాలిఫోర్నియాలో ఇంతకన్నా ఎత్తున సాగే హైవే కనుమ ఇంకోటి లేదు. మంచు పడితే గేట్లు వేసేస్తారు, మళ్లీ ఎండాకాలం వచ్చేదాకా తీయరు. కనుమకి అవతల, సియెర్రా నెవాడా తూర్పు వాలులో ఆస్పెన్ చెట్లు పసుపు తిరిగేదీ, ఆ గేట్లు మూతపడబోయేదీ దాదాపు ఒకే సమయం. అందుకే అక్టోబరులో ఈ దారి పట్టేవాళ్లు ఎవరూ నింపాదిగా ఉండరు.

మా కారు వెనక సీట్లో 4×5 కెమెరా సంచి, ట్రైపాడ్, ఐస్‌బాక్సులో ఫిల్ము పెట్టెలు. ముందు సీట్లో మఫ్లరు చుట్టుకుని మా బాబాయ్.

బాబాయ్‌కి తెనాలిలో ఫొటో స్టూడియో ఉండేది. గాజు ప్లేట్ల చివరి రోజులు చూశాడు, షీటు ఫిల్ము చూశాడు, రీళ్లు చూశాడు, కలర్ ల్యాబులొచ్చి చేతిపనిని మింగేయడం చూశాడు. చేతికో సెల్‌ఫోన్ వచ్చాక షట్టరు దించేశాడు. కొడుకు దగ్గరుందామని ఫ్రీమాంట్ వచ్చి అపార్ట్‌మెంట్ బాల్కనీలో పొద్దుపోక కూర్చున్న మనిషిని "కొండలు చూసొద్దాం రా బాబాయ్" అని బయల్దేరదీశాను. కొండలనేసరికి పెద్దగా కదల్లేదు. బెలోస్ ఉన్న కెమెరా అనేసరికి చెప్పులు వేసుకున్నాడు.

దారిలో టీ కోసం ఆగినప్పుడు ఐస్‌బాక్సు మూత తీసి చూశాడు.

"ఇదేం ఫిల్మురా అబ్బాయ్?"

"స్లైడ్ బాబాయ్. కడగ్గానే నేరుగా పాజిటివ్ బొమ్మే వస్తుంది."

"మరి నెగెటివ్?"

"ఉండదు."

కాసేపు పైన్ చెట్లకేసి చూశాడు. "నెగెటివ్ లేకపోతే ఇంక మన పనేముందిరా? మీట నొక్కడమేగా!"

ఆయన అలా అనడంలో ఆశ్చర్యం లేదు. ఆయన విద్యంతా నెగెటివ్ మీదే నడిచింది. నెగెటివ్‌ని ఏటవాలు బల్లకి ఆనించి, కింద అద్దంతో వెలుతురు పైకి కొట్టించి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో గంటల తరబడి టచింగ్ చేసేవాడు. ముఖం మీద మచ్చ నెగెటివ్‌లో పలచగా కనిపిస్తుంది. అక్కడ పెన్సిల్ చుక్కలు పడితే ప్రింటులో ఆ చోటు తెల్లబడుతుంది. మొటిమల గుంటలు, కళ్ల కింద నలుపు, మశూచి గుర్తులు అన్నీ అలాగే మాయమయ్యేవి. పెళ్లిచూపులకి ముందు మగపెళ్లివారికి పంపే ఫొటో అంటే ఆ వీధిలో అందరూ బాబాయ్ దగ్గరికే వచ్చేవారు. అలాంటి మనిషికి దిద్దడానికి వీల్లేని ఫిల్ము చూపిస్తే ఏమంటాడు?

వంకర తిరిగే ఆ దారి పొడుగునా మా మధ్య నడిచిన వాదం ఇదే.

లీ వైనింగ్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మోనో సరస్సు ఒడ్డున ఒకటే వీధి ఉన్న ఊరు. మోటల్ గదిలో దిగగానే స్నానాలగది కిటికీకి దుప్పటి కట్టి, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి, లైటు ఆర్పి హోల్డర్లలో ఫిల్ము ఎక్కించడానికి కూర్చున్నాను. బాబాయ్ కూడా లోపలికొచ్చి తలుపేసుకున్నాడు.

షీటు ఫిల్ముకి ఒక అంచున చిన్న గాట్లు ఉంటాయి. షీటుని నిలువుగా పట్టుకున్నప్పుడు ఆ గాట్లు పైన కుడి మూలకి వస్తే మందు పూసిన వైపు మనకేసి ఉన్నట్టు. ఏ ఫిల్ముకి ఆ ఫిల్ము గాట్ల వరస వేరు కాబట్టి, చీకట్లో రెండు రకాలు కలిసిపోయినా వేలితో తడిమి విడదీయొచ్చు. ఒక షీటు బాబాయ్ చేతికిచ్చాను. "మా ప్లేట్లకి ఈ సుఖం లేదురా" అన్నాడు చీకట్లోంచి. "తడి పెదవికి మూలని ఆనించేవాళ్లం. అంటుకున్న వైపు మందు." ఆ తరవాత హోల్డరు అడిగి తీసుకుని, చూపున్నవాడిలా షీటుని గాడిలోకి తోసి, డార్క్ స్లైడ్ అనే మూతపలక మూశాడు. ఆ పలక పైన తెల్ల అంచు ఉంటే వాడని ఫిల్ము, నల్ల అంచు ఉంటే వాడేసింది. ఆ లెక్క కూడా చెప్పకుండానే వేలితో తడిమి సరిచూసుకున్నాడు.

ఇంత తంటా పడి 4×5 ఎందుకు అంటే సైజు కోసమే. మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ము ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు. 4×5 అంగుళాల షీటు దానికి దాదాపు పదిహేను రెట్లు. ఆ సైజులో స్లైడ్‌కి ఉన్న గుణం చిన్న సైజులో ఉండదు. చిన్న స్లైడ్‌ని ప్రొజెక్టర్లో వేస్తేనో, భూతద్దం పెడితేనో తప్ప బొమ్మ అందదు. అరచేయంత షీటుని వెలుతురుకెత్తి పట్టుకుంటే చాలు, ఉత్త కంటికి బొమ్మంతా కనిపిస్తుంది. ప్రింటు వేయాల్సిన పని లేకుండానే ఫొటో పూర్తయినట్టు. నెగెటివ్ ఎంత పెద్దదైనా అలా ఉండదు. రంగులు తిరగబడి, పైన నారింజ రంగు పొర కప్పుకుని, ఇంకెవరో తేల్చాల్సిన తగువులా ఉంటుంది.

సాయంత్రం సరస్సు ఒడ్డున ఉన్న సౌత్ టూఫాకి వెళ్లాం. మోనో సరస్సులోకి వాగులు వస్తాయి గానీ బయటికి పోయే దారి లేదు. నీళ్లు ఎండకి ఎగిరిపోవడమే. అందుకని సముద్రం కన్నా రెండు మూడు రెట్లు ఉప్పగా ఉంటుంది. సరస్సు అడుగున ఊటల్లోంచి వచ్చే కాల్షియం, నీళ్లలోని కార్బొనేట్లతో కలిసి సున్నపురాయి స్తంభాలు కట్టింది. ఇవన్నీ నీళ్ల కింద పెరిగినవే. 1941 నుంచి లాస్ ఏంజెలెస్ నగరం ఈ వాగుల్ని మళ్లించుకుపోవడంతో నీటిమట్టం సుమారు 45 అడుగులు పడిపోయి ఈ స్తంభాలు బయటపడ్డాయి. చాలా ఏళ్ల కోర్టు పోరాటం తరవాత 1994లో రాష్ట్ర జలమండలి సరస్సుని మళ్లీ పైకి తేవాలని ఆదేశించింది. ఇప్పుడు ఫొటోగ్రాఫర్లు ఎగబడి తీసే అందం ఒక నష్టం మిగిల్చిన అందమన్నమాట. బాబాయ్ అంతా విని, "అంటే నీళ్లు నిండితే ఇవి ఉండవు. తీసెయ్ తొందరగా" అన్నాడు.

ట్రైపాడ్ మీద కెమెరా నిలబెట్టి 150 మిల్లీమీటర్ల లెన్సు బిగించాను. నేను నల్లగుడ్డ విప్పేలోపే ఆయన దూరిపోయాడు. గ్రౌండ్ గ్లాస్ మీద బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు మారి కనిపిస్తుంది. మొదటిసారి చూసేవాళ్లకి తల తిరుగుతుంది. ఆయన మాత్రం లోపల్నుంచే, "ఎడంపక్క ఖాళీ ఎక్కువైంది. కాస్త అటు జరుపు" అన్నాడు. జరిపాను. ఆయన చెప్పిందే సరి. ముందు లెన్సు ఫలకాన్ని కొద్దిగా వంచి, కాళ్ల దగ్గరి ఉప్పు పెచ్చులూ అవతలి కొండలూ రెండూ ఒకే ఫోకస్‌లోకి తెచ్చాను. స్టూడియోలో ఈ వంపులతో పని పడలేదేమో, ఆయన మూడుసార్లు ఆ మర తిప్పించి చూశాడు.

సూర్యుడు కొండల వెనక్కి జారాక మీటరు తీశాను. ఇది స్పాట్ మీటరు. ఒక డిగ్రీ మేర మాత్రమే కొలుస్తుంది. నేను దాన్ని ఆకాశంలో అన్నిటికన్నా వెలుగున్న చోటికి గురిపెట్టడం చూసి బాబాయ్ ఆపాడు.

"అదేంట్రా, వెలుగు కొలుస్తావు? నీడ కొలవాలి. నీడలో వివరం పడితే వెలుగు సంగతి కడిగేటప్పుడు చూసుకోవచ్చు."

నెగెటివ్‌కి అది నూటికి నూరుపాళ్లు నిజం. స్లైడ్‌కి సరిగ్గా తిరగేసిన మాట. కారణం ఫిల్ము కడిగే పద్ధతిలోనే ఉంది. ఎక్టాక్రోమ్, ప్రోవియా, వెల్వియా లాంటి స్లైడ్లన్నీ ఈ-6 అనే పద్ధతిలో కడుగుతారు. మొదటి డెవలపర్లో, 38 డిగ్రీల వేడిలో, ఆరు నిమిషాలు. అప్పుడు వెలుగు పడ్డచోటల్లా వెండి నల్లగా మారి ఒక నలుపు తెలుపు నెగెటివ్ తయారవుతుంది. తరవాత రివర్సల్ స్నానంలో మిగిలిపోయిన, వెలుగు చూడని లవణాలన్నీ డెవలప్ అవడానికి సిద్ధమవుతాయి. కలర్ డెవలపర్ ఆ మిగిలినవాటి చోట రంగులు పుట్టిస్తుంది. చివర్లో బ్లీచు, ఫిక్సరు కలిసి వెండి మొత్తాన్ని కడిగేస్తాయి. ఫిల్ము మీద ఇక ఉండేవి రంగులే.

అంటే స్లైడ్‌లో కనిపించే బొమ్మ, వెలుగు వాడుకోగా మిగిలిన దానితో కట్టింది. వెలుగు మరీ ఎక్కువ పడితే మిగిలేదేమీ ఉండదు, ఉత్త పారదర్శకమైన ఫిల్మే. అక్కడ పెన్సిల్ పెట్టినా, కంప్యూటర్లో లాగినా వచ్చేది సున్నా. నీడ కాస్త తక్కువైతే ముదురు రంగైనా ఉంటుంది. అందుకే స్లైడ్ వాడేవాళ్లు వెలుగుని ముందు కాపాడుకుంటారు. పైగా చోటు చాలా ఇరుకు. ఒక్కో స్టాపూ అంటే వెలుగు రెట్టింపు కావడం. నెగెటివ్ పది స్టాపుల తేడానైనా ఓర్చుకుంటుంది, వెల్వియా లాంటి స్లైడ్ అయిదు స్టాపులకే చేతులెత్తేస్తుంది.

ఇదంతా ఒడ్డున నిలబడి చెప్పాను. బాబాయ్ శ్రద్ధగా విన్నాడు. "ఇందులో తప్పు చేయడానికి జాగా లేదన్నమాట" అన్నాడు. అది పొగడ్తా ఎత్తిపొడుపా తెలియలేదు.

చీకటి పడుతుండగా, లెన్సు రంధ్రం ఎఫ్ 22 దగ్గర పెడితే మీటరు ముప్ఫై సెకన్లు చూపించింది. హోల్డర్లో ఉన్నది ప్రోవియా 100ఎఫ్. దీనికున్న గొప్ప సుగుణం, రెండు నిమిషాల దాకా మీటరు ఎంత చెబితే అంతే ఇవ్వొచ్చు. వెల్వియా 50 అలా కాదు. ఎక్స్‌పోజరు పదహారు సెకన్లుంటే స్టాపులో మూడింట రెండు వంతులు అదనంగా ఇచ్చి, రంగు పచ్చగా తిరక్కుండా మెజెంటా ఫిల్టరు కూడా పెట్టమంటుంది, ఈ ఫిల్ములు తయారుచేసే ఫ్యూజీ పట్టిక. నిమిషం దగ్గరికి వచ్చేసరికి అసలు సిఫారసు చేయడమే మానేస్తుంది. రంగుల గాఢతకి 1990 నుంచీ ప్రకృతి ఫొటోగ్రాఫర్లు వెల్వియా వెంటపడ్డారు గానీ, ఇలాంటి సంధ్యవేళకి నాకు ప్రోవియాయే నమ్మకం. కేబుల్ నొక్కి లెక్కపెట్టుకున్నాం. హోల్డరు తిప్పి రెండో షీటు కూడా అదే ఎక్స్‌పోజరుతో తీశాను.

"రెండోది ఎందుకు?"

"ఒకటి ముందు కడిగిస్తాను. అది చూసి రెండోది."

బాబాయ్ ఏదో అనబోయి మానేశాడు.

మర్నాడు హైవే 395 మీద దక్షిణంగా దిగి, బిషప్ దగ్గర కొండదారి ఎక్కాం. బిషప్ క్రీక్ లోయలో నార్త్ లేక్, సబ్రీనా సరస్సుల చుట్టూ ఆస్పెన్ తోపులు. పైనున్న చెట్లు ముందు రంగు తిరుగుతాయి, తరవాత ఆ రంగు మెల్లగా లోయలోకి దిగుతుంది. ఆస్పెన్ ఆకు కాడ బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి గాలి లేదనిపించినప్పుడు కూడా మన రావి ఆకులాగే గలగలలాడుతూనే ఉంటుంది.

సూర్యుడు కొండ చాటుకి పోయి, తోపంతా నీడలో ఉండి, పైన ఆకాశం మాత్రం తెల్లగా వెలుగుతున్న వేళ అది. ఇలాంటి వెలుతురులో తీసిన ఫొటోలు మామూలుగా చప్పగా ఉంటాయి. స్లైడ్‌కి మాత్రం ఇదే పండగ. కాంట్రాస్టు స్లైడ్‌కి పుట్టుకతోనే ఎక్కువ. వెలుతురు మెత్తగా ఉంటే ఆ ఎక్కువ సరిగ్గా సరిపోతుంది. మీటరుతో ఒక్కొక్కటే కొలిచాను. తెల్ల బోదెలు 12, పసుపు ఆకులు 11, చెట్ల మధ్య చీకటి సందులు 8. మొత్తం నాలుగు స్టాపులు, ఫిల్ములో పట్టేంతే. మధ్యస్థాయిని పదిన్నర దగ్గర పెడితే బోదెలు ఒకటిన్నర స్టాపు పైన తెల్లగానే ఉండి బెరడు గీతలు పోవు. సందులు రెండున్నర కింద నల్లగా, కానీ ఊపిరాడేలా ఉంటాయి. ఎఫ్ 32కీ 45కీ మధ్య, ఒక సెకను.

ఆకులు ఆగాలి కదా. కేబుల్ పట్టుకుని నిలబడ్డాం. ఒక కొమ్మ ఆగితే ఇంకోటి కదులుతుంది. బాబాయ్ కెమెరా చూడ్డం మానేసి చెట్లనే చూస్తున్నాడు. స్టూడియోలో చంటిపిల్లల్ని తీసేటప్పుడు కూడా ఇంతేనట, కెమెరా వెనక నిలబడి పిల్లాడు ఎప్పుడు ఊరుకుంటాడో ముందే పసిగట్టాలట. కాసేపటికి మోచేత్తో పొడిచి "ఊఁ" అన్నాడు. నొక్కాను. ఆ ఒక్క సెకనూ తోపంతా బిగుసుకుని నిలబడింది.

తిరిగి కారు దగ్గరికి నడుస్తూ నేనే వాదం ఎత్తాను. ఈ తోపులో పసుపు ఒకటి కాదు. నిమ్మపండు పసుపుంది, నారింజలోకి దిగిన పసుపుంది, ఇంకా ఆకుపచ్చ వదలని పసుపుంది. నీడలో పైనుంచి పడ్డ ఆకాశపు నీలం వీటన్నిటి మీదా ఉంది. కలర్ నెగెటివ్‌లో ఇవన్నీ పడతాయి, కాదనను. కానీ ఆ నారింజ పొర తీసేసి, తిరగేసి, ఏది ఏ పసుపో తేల్చాల్సింది తరవాత. ల్యాబులో ఒకాయన ఒకలా తేలుస్తాడు, ఇంకొకాయన ఇంకోలా. నేనే కంప్యూటరు ముందు కూర్చుంటే ఉదయం ఒకలా, రాత్రి ఒకలా తేలుస్తాను. అసలు రంగేమిటో చెప్పడానికి నా జ్ఞాపకం తప్ప సాక్ష్యం ఉండదు, ఆ జ్ఞాపకమేమో వారానికోసారి రంగు మారుస్తుంది. స్లైడ్ అలా కాదు. ఏ ఫిల్ముకి ఆ ఫిల్ము మొగ్గు ఉంటుంది, వెల్వియా రంగుని కాస్త పెంచుతుంది, ప్రోవియా తగ్గి ఉంటుంది. అయినా ఆ ఒక్క సెకనులో ఏది పడిందో అది అక్కడే ఉంటుంది. స్కాను చేసినా, ప్రింటు వేసినా పక్కన పెట్టుకుని సరిచూసుకోవచ్చు.

"అది నిజమే" అన్నాడు బాబాయ్. "మద్రాసులో స్టిల్స్ తీసేవాళ్లు పత్రికల కవర్లకి ట్రాన్స్‌పరెన్సీలే ఇచ్చేవాళ్లు. అచ్చు వేసేవాడికి రంగు ఇదీ అని చూపించాలిగా."

ఇక్కడా అదే కథ. అరిజోనా హైవేస్ పత్రిక పెద్ద సైజు ట్రాన్స్‌పరెన్సీలతోనే పేరు తెచ్చుకుంది. డేవిడ్ మ్యూంచ్ లాంటివాళ్లు 4×5 కెమెరాలు భుజాన వేసుకుని ఎడారులన్నీ తిరిగారు. సంపాదకుడు లైట్‌టేబుల్ మీద షీట్లు పరిచి ఒక్క చూపులో ఎంచుకునేవాడు. అంతకు ముందే ఎలియట్ పోర్టర్ ఉన్నాడు. వైద్యుడిగా చదివి, హార్వర్డ్‌లో పరిశోధన చేస్తూ, 1939లో స్టీగ్లిట్జ్ గ్యాలరీలో ప్రదర్శన జరిగాక ఆ ఉద్యోగం వదిలేసి ఫొటోలకి అంకితమయ్యాడు. 4×5 ట్రాన్స్‌పరెన్సీల నుంచి మూడు రంగుల విభజన నెగెటివ్‌లు చేసి డై ట్రాన్స్‌ఫర్ ప్రింట్లు వేసేవాడు. 1962లో సియెర్రా క్లబ్ ఆయన పుస్తకం వేశాక, అడవి ఫొటో అంటే నలుపు తెలుపే అనే పట్టింపు సడలింది. ఆయన తీసినవాటిలో చాలా భాగం సూర్యాస్తమయాలు కావు. నీడలో ఉన్న ఆకులు, రాళ్లు, నాచు. స్లైడ్ ఏ వెలుతురులో బతుకుతుందో ఆయన అంత బాగా తెలిసినవాళ్లు తక్కువ.

బాబాయ్ వెంటనే, "మూడు నెగెటివ్‌లు చేశాడన్నావుగా. చివరికి నెగెటివే" అని నవ్వాడు.

మరింత దక్షిణాన లోన్ పైన్. ఊరికి పడమర అలబామా హిల్స్, గుండ్రటి రాళ్ల గుట్టలు. వాటి వెనక గోడలా సియెర్రా. 4,421 మీటర్ల విట్నీ శిఖరం అక్కడుంది గానీ, దగ్గరగా ఉన్న లోన్ పైన్ పీక్ దానికన్నా ఎత్తుగా కనిపించి కొత్తవాళ్లని మోసం చేస్తుంది. 1944లో పేరుమోసిన ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ ఇక్కడే ఒక శీతాకాలపు సూర్యోదయాన్ని తీశాడు. మంచుకొండలు వెలుగుతూ, గుట్టలు నల్లగా ఉండి, ముందు మైదానంలో చిన్న వెలుగు మడిలో ఒక గుర్రం మేస్తూ ఉంటుంది. దగ్గర్లోని మంజనార్ శిబిరంలో అప్పుడు పదివేల మంది జపనీస్ అమెరికన్లని నిర్బంధించి ఉంచారు. ఆడమ్స్ వాళ్ల ఫొటోలు తీయడానికి వస్తూ పోతూ ఉన్న రోజులవి.

ఆ ఫొటో గురించి ఒక సంగతి బాబాయ్‌కి చెప్పక తప్పలేదు. లోన్ పైన్ హైస్కూలు పిల్లలు గుట్ట మీద తమ ఊరి పేరు పొడి అక్షరాలని పెద్దగా, తెల్లగా రాశారు. ఆడమ్స్ వాటిని ఫొటోలో లేకుండా చేశాడు, ఆ సంగతి దాచుకోలేదు కూడా. బాబాయ్ ఆనందం చూడాలి. "చూశావా! టచింగ్! అంతటివాడికీ తప్పలేదు."

నేనేం తక్కువ తిన్నానా. ఆ ఆడమ్స్ రంగుల్లోనూ తీశాడని, గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో కోడాక్ పెట్టే కొలరామా బొమ్మలకి పని చేశాడని, రంగు మీద మాత్రం చివరిదాకా తృప్తి పడలేదని చెప్పాను. నలుపు తెలుపులో ప్రింటు వేసేటప్పుడు ఆయనకుండే పట్టు రంగు ఫిల్ము ఇవ్వలేదు. ఎవరి స్వభావానికి ఏ ఫిల్ము నప్పుతుందో అదే వాళ్ల ఎంపిక.

తెల్లవారుజామున ఆడమ్స్ నిలబడ్డ చోటికి దగ్గరగా కెమెరా పెట్టాం. శిఖరాల మీద ఎర్రటి తొలి ఎండ, గుట్టలింకా నీడలో. కొలిస్తే రెంటికీ ఆరు స్టాపుల తేడా. స్లైడ్‌తో ఒక దారి ఉంది. పైసగం ముదురు, కింద సగం తేటగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టరు లెన్సు ముందు పెట్టి ఆకాశాన్ని మూడు స్టాపులు తగ్గించొచ్చు. బిషప్‌లో నివసించిన ఫొటోగ్రాఫర్ గేలెన్ రోవెల్ ఈ ఫిల్టర్లని అందరికీ అలవాటు చేశాడు. కానీ ఇక్కడ వెలుగూ నీడా కలిసే గీత తిన్నగా లేదు. రాళ్లు దాన్ని దాటి పైకి పొడుచుకొచ్చాయి. ఫిల్టరు పెడితే రాళ్ల తలలు మాడినట్టు నల్లబడతాయి. నేను సంచిలోంచి ఇంకో హోల్డరు తీశాను.

"ఇదేంటి?"

"కలర్ నెగెటివ్ బాబాయ్. పోర్ట్రా."

ఆయన ఏమీ అనలేదు. మీటరు నా చేతిలోంచి తీసుకుని నీడలో ఉన్న రాతికి గురిపెట్టి, అంకె చదివి, "ఇప్పుడు నేను చెప్పినట్టు తియ్" అన్నాడు. అలాగే తీశాను.

తిరుగుదారిలో ఖర్చుల మాట వచ్చింది. ఒక్క షీటు స్లైడ్ కొని కడిగించేసరికి పదిహేను డాలర్లు దాటుతుంది. పైగా దొరుకుతుందన్న నమ్మకం లేదు. కోడాక్ ఎక్టాక్రోమ్ ఆపేసి, 2018లో మళ్లీ తెచ్చి, 2019 చివర్లో షీట్లుగా కూడా ఇచ్చింది. వెల్వియా 100ని 2021లో అమెరికాలో అమ్మడం ఆపేశారు. అందులో అతి స్వల్పంగా ఉన్న ఒక రసాయనం మీద పర్యావరణ సంస్థ ఆంక్షలు పెట్టడం దానికి కారణం. ఎప్పుడు ఏ పెట్టె మాయమవుతుందో తెలియని సరుకు మీద మోజెందుకని బాబాయ్ అడిగాడు. పత్రికలవాళ్లు ఇప్పుడు స్లైడ్లు అడగడం లేదు, లైట్‌టేబుళ్లు అటకెక్కాయి, ఆ కారణాలన్నీ పోయాయి. ఇక మిగిలింది ఒకటే. స్లైడ్ వాడితే తేల్చాల్సినదంతా అక్కడే, ఆ చెట్టు ముందే, చలిలోనే తేల్చుకోవాలి. ఇంటికొచ్చాక చూద్దాంలే అనుకునే వీలుండదు. వీలుండదు కాబట్టి నేను ఆ చోటుని ఇంకాస్త నిదానంగా చూస్తాను. ఎంత వెలుగుంది, ఎంత నీడుంది, నాకు కావాల్సింది ఏ రంగు అని లెక్క కట్టుకుంటాను. ఆ లెక్కకి లొంగని వెలుతురైతే, అలబామా హిల్స్‌లోలాగా, నెగెటివ్ తీస్తాను. నెగెటివ్ ఎప్పుడు తీయాలో తెలిసింది కూడా స్లైడ్ వాడడం వల్లే.

తరవాత కొన్నాళ్లకి ల్యాబుకి ఇద్దరం వెళ్లాం. ఆస్పెన్ షీటుని లైట్‌టేబుల్ మీద పెట్టారు. బాబాయ్ జేబులోంచి కళ్లజోడు తీసి తుడుచుకుని వంగాడు. భూతద్దం ఇస్తే అక్కర్లేదన్నాడు. కాసేపు చూశాక అప్పుడు అడిగి తీసుకుని, ఒక బోదె మీద బెరడు గీతల్ని కింది నుంచి పైదాకా పరిశీలించాడు. ఆకుల అంచులు ఎక్కడా చెదరలేదు. "ఇందులో నాకు పని లేదు" అన్నాడు. స్టూడియో మనిషి నోట ఆ మాటకి ఎంత బరువుందో నాకు తెలుసు.

తరవాత మోనో సరస్సు మొదటి షీటు. స్తంభాలు, ఊదారంగు నీళ్లు, అవతల కొండల గీత అన్నీ ఉన్నాయి, కానీ నేననుకున్నదానికన్నా ఒక పిసరు ముదురుగా ఉంది. కౌంటర్లో అమ్మాయికి రెండో షీటు కవరు ఇచ్చి, దాని మీద "అర స్టాపు పుష్" అని రాశాను.

"పుష్ అంటే?" అన్నాడు బాబాయ్.

"మొదటి డెవలపర్లో ఇంకాస్త ఎక్కువసేపు ఉంచుతారు. బొమ్మ కొంచెం తేలికపడుతుంది."

ఆయన ముఖం వెలిగిపోయింది. మోనో ఒడ్డున మింగేసిన మాట ఇప్పుడు బయటికొచ్చింది. "అంటే మీకూ టచింగ్ ఉందన్నమాట!"

ఉంది. కాకపోతే అర స్టాపు, మహా అయితే ఒక స్టాపు. అది కూడా షీటు మొత్తానికి ఒకేసారి. మచ్చ చూసి మచ్చనే దిద్దే వీలు లేదు, గుట్ట మీది అక్షరాలని చెరిపే వీలు లేదు. నా పనికి ఆ అర స్టాపు చాలు. అంతకు మించి దిద్దాల్సి వస్తే దానర్థం ఆ చోట నేను సరిగ్గా చూడలేదనే. బాబాయ్ మాత్రం పార్కింగులో కారెక్కేదాకా ఆ అర స్టాపుని పట్టుకుని వదల్లేదు.